రెండు రన్‌వేల మధ్య అసలు దూరం



1967వ సంవత్సరంలో ప్రపంచంలోని రెండు మూలల్లో రెండు విమాన సర్వీసులు మొదలయ్యాయి. ఒకటి స్కాట్లండ్‌కి ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో, వెస్ట్రే అనే దీవి నుంచి పక్కనే ఉన్న పాపా వెస్ట్రే దీవికి. రెండోది చిలీ రాజధాని శాంటియాగో నుంచి పసిఫిక్ మహాసముద్రం నట్టనడుమ ఉన్న ఈస్టర్ దీవికి. మొదటి దారి పొడవు 2.7 కిలోమీటర్లు. రెండో దారి పొడవు సుమారు 3,750 కిలోమీటర్లు. క్రమం తప్పకుండా నడిచే విమాన ప్రయాణాల్లో ప్రపంచంలోకెల్లా చిన్నది ఆ మొదటిదే. ఇక రెండో విమానం దిగే మతావేరి విమానాశ్రయానికి ప్రపంచంలోకెల్లా మారుమూల విమానాశ్రయమని పేరు.

ఈ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూస్తే విమాన దూరం, ప్రయాణ సమయం అనే రెండు మాటల లోతు తెలుస్తుంది. ఇవాళ ఏ రెండు ఊళ్ల పేర్లు ఫోన్‌లో కొట్టినా ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటలు అని క్షణంలో లెక్క వచ్చేస్తుంది. పెద్ద నగరాల మధ్య ఆ లెక్కతో పని గడిచిపోతుంది. మారుమూల చోట్లకు మాత్రం ఆ లెక్క చాలదు. అక్కడివాళ్ల బతుకు ఆధారపడేది లెక్కలోకి రాని ఇంకో సమయం మీద. ఆ సంగతి చెప్పాలనే ఈ ప్రసంగం.

ముందు దూరం ఎలా కొలుస్తారో చూద్దాం. భూమి గుండ్రంగా ఉంది. మన గోడమీది పటం చదునుగా ఉంది. పటం మీద స్కేలు పెట్టి గీసిన తిన్నని గీత భూమి మీద దగ్గరి దారి కాదు. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే రెండు ఊళ్ల మధ్య ఒక దారం బిగించి పట్టుకోండి. ఆ దారం ఎటు నుంచి వెళ్తే అదే దగ్గరి దారి. రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే చాలు, త్రికోణమితితో ఆ దారం పొడవు లెక్కకట్టవచ్చు. ఫోన్ చేసే పని కూడా అదే. ఆ పొడవును విమానం వేగంతో భాగించి, పైకి లేవడానికీ కిందికి దిగడానికీ కాస్త సమయం కలిపి మనకు చూపిస్తుంది.

కానీ ఆకాశం ఖాళీగా ఉండదు. అక్కడ గాలి ఉంటుంది. నేలకు తొమ్మిది, పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, మన ఉష్ణమండలానికి ఉత్తరానా దక్షిణానా, పడమటి నుంచి తూర్పుకు గాలి నదుల్లా పారుతుంటుంది. కొన్నిచోట్ల దాని వేగం గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. విమానం ఆ గాలితో పాటు వెళ్తే సమయం కలిసొస్తుంది. ఎదురు వెళ్తే చేజారుతుంది.

దీనికి మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన దారిలోనే ఒక ఉదాహరణ ఉంది. ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరుగా విమానం నడుపుతుంది. కాలిఫోర్నియాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లే మన పెద్దవాళ్లు ఎందరో ఆ విమానం ఎక్కి ఉంటారు. మొదట్లో అది పడమటి దిక్కుగా అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దాన్ని తూర్పు దిక్కుగా పసిఫిక్ మీదుగా నడిపారు. సుమారు 15,300 కిలోమీటర్లు. దారి 1,400 కిలోమీటర్లు పెరిగింది. అయినా పద్నాలుగున్నర గంటల్లో, అంటే పాత దారికంటే దాదాపు రెండు గంటల ముందే చేరింది. గాలి వెనక నుంచి తోసింది. దూరం పెరిగినా సమయం తగ్గింది.

భూమి తనచుట్టూ తాను తిరగడం వల్ల ఇలా జరుగుతుందని కొందరు అనుకుంటారు. భూమితో పాటు దాని చుట్టూ ఉన్న గాలి కూడా తిరుగుతూనే ఉంటుంది. విమానం ఎగిరేది ఆ గాలిలోనే. అందుచేత భూమి తిరిగి ఊరును మన కిందికి తెచ్చిపెట్టదు. తేడా అంతా పైన వీచే గాలిది.

ఇక ఆర్క్‌నీ దీవులకు వెళ్దాం. స్కాట్లండ్ ఉత్తరపు కొన దాటాక, చెట్లు తక్కువ, గాలి ఎక్కువగా ఉండే దీవులవి. ప్రధాన పట్టణం కిర్క్‌వాల్. అక్కడి నుంచి వెస్ట్రే దీవికి పడవలో దాదాపు గంటన్నర. వెస్ట్రే పక్కనే పాపా వెస్ట్రే. అక్కడివాళ్లు దాన్ని పాపే అని పిలుచుకుంటారు. 2011 జనాభా లెక్కల్లో పాపేలో ఉన్నది 90 మంది. ఇంత చిన్న దీవిలో నాప్ ఆఫ్ హోవర్ అనే రాతి ఇల్లు ఉంది. అయిదు వేల ఏళ్లకు పైబడిన ఇల్లు. ఉత్తర ఐరోపాలో నేటికీ నిలిచి ఉన్న రాతి ఇళ్లలో అతి పాతవాటిలో ఒకటి. అంటే అక్కడ మనుషులు నిన్నమొన్న వచ్చి చేరినవాళ్లు కాదు. అయిదు వేల ఏళ్లుగా ఎవరో ఒకరు ఆ గాలిలోనే కాపురం చేస్తూ వచ్చారు.

ఈ రెండు దీవుల మధ్య లోగన్‌ఎయిర్ సంస్థ విమానం నడుపుతుంది. బ్రిటెన్ నార్మన్ ఐలాండర్ అనే చిన్న విమానం. రెండు ఇంజిన్లు, పైన అడ్డంగా రెక్క, ఎనిమిది మంది ప్రయాణికులకు చోటు. పైలట్‌కీ ప్రయాణికులకీ మధ్య గోడ ఉండదు, తలుపు ఉండదు. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు పైలట్ పక్కనే కూర్చుంటారు. పైలట్ చెయ్యి ఏ మీట మీద ఉందో, ఏ ముల్లు ఎటు కదులుతోందో అన్నీ కళ్లెదుటే. లోపలికి ఎక్కే తలుపులు కారు తలుపుల్లా పక్క నుంచి తెరుచుకుంటాయి. విమానం లేవగానే ఎదురుగా దిగబోయే దీవి కనిపిస్తుంది. కింద సన్నని సముద్రపు పాయ. అది దాటీ దాటకముందే విమానం దిగడం మొదలుపెడుతుంది.

టైంటేబుల్‌లో ఈ ప్రయాణానికి రాసేది రెండు నిమిషాలు. గాలిలో ఉండేది సాధారణంగా నిమిషంన్నర లోపు. గాలి బాగా అనుకూలించిన రోజున స్టువర్ట్ లింక్‌లేటర్ అనే పైలట్ 53 సెకన్లలో దాటాడు. రికార్డు అదే. ఆయన 2013లో రిటైరయ్యేలోపు ఈ చిన్న దారిలో పన్నెండు వేల సార్లకు పైగా విమానం నడిపాడు. మన శంషాబాద్ విమానాశ్రయంలో ఒక్క రన్‌వే పొడవు 4,260 మీటర్లు. వెస్ట్రే నుంచి పాపేకి విమానం వెళ్లే దారి మొత్తం 2,700 మీటర్లే. ఒక విమాన ప్రయాణం మొత్తం మన రన్‌వేలో మూడింట రెండు వంతులకు సరిపోతుంది.

ఇంత చిన్న దూరానికి విమానం దేనికని ఎవరికైనా అనిపిస్తుంది. పడవ కూడా ఉంది, అరగంట లోపే చేరుస్తుంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ విమానం ఈ రెండు నిమిషాల కోసమే బయలుదేరదు. కిర్క్‌వాల్ నుంచి బయలుదేరి దీవులను కలుపుకుంటూ మళ్లీ కిర్క్‌వాల్ చేరుకునే చుట్టులో ఇదొక ముక్క. ఆ చుట్టులో ఎక్కేవాళ్లు ఎవరు? పాఠం చెప్పడానికి వెళ్లే టీచరు, రోగిని చూడడానికి వెళ్లే డాక్టరు, మరమ్మతు పనిమీద వెళ్లే మేస్త్రీ, చదువుకునే పిల్లలు. బ్యాంకు ఉద్యోగి కూడా విమానంలోనే దీవికి వచ్చి, ఖాతాదారుల పనులు చూసి, మళ్లీ విమానంలోనే వెళ్లేవాడు. ఆ విమానం వల్ల తొంభై మంది ఉన్న దీవికి ఒక పట్టణం వసతులు అందుతున్నాయి. టిక్కెట్ల డబ్బులతో మాత్రమే అది నడవదు. స్థానిక ప్రభుత్వం ప్రజాసేవ కింద ఖర్చు భరిస్తుంది. దీవి మీద మనుషులు మిగలాలంటే ఈ విమానం ఉండాలని అక్కడి సమాజం ఒక నిర్ణయానికి వచ్చింది. అరవై ఏళ్లకు దగ్గరవుతున్నా ఆ మాట మీదే నిలబడింది. నాకు ఆ 53 సెకన్ల రికార్డు కంటే ఈ నిలకడ గొప్పగా కనిపిస్తుంది.

ఇప్పుడు భూగోళం అవతలి పక్కకు వెళ్దాం. ఈస్టర్ దీవి. అక్కడి ప్రజలు తమ దీవిని రాపా నూయి అంటారు. మోయాయి అనే పెద్ద పెద్ద రాతి విగ్రహాలున్న దీవి అంటే చాలామందికి గుర్తొస్తుంది. 2017 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది ఏడు వేల ఏడు వందల మంది చిల్లర. విమానాలు రాకముందు బయటి ప్రపంచంతో వాళ్ల సంబంధమంతా అరుదుగా వచ్చే నౌకతోనే. 1951 జనవరిలో రొబెర్తో పర్రాగే అనే చిలీ వైమానిక దళ పైలట్ కాటలీనా రకం విమానంలో లా సెరీనా పట్టణం నుంచి బయలుదేరి, సుమారు 19 గంటలు ఎగిరి ఆ దీవి మీద దిగాడు. ఆ విమానం పేరు మనుతారా. దక్షిణ అమెరికా నుంచి ఆ దీవికి చేరిన మొదటి విమానం అదే. పదహారేళ్ల తర్వాత, 1967లో, ప్రయాణికుల సర్వీసు మొదలైంది.

ఇప్పుడు ఆ దారిలో బోయింగ్ 787 వంటి పెద్ద జెట్ విమానాలు తిరుగుతున్నాయి. శాంటియాగో నుంచి దీవికి వెళ్లేటప్పుడు సుమారు అయిదున్నర గంటలు. తిరిగి వచ్చేటప్పుడు అయిదు గంటల లోపే. అవే రెండు రన్‌వేలు, అదే దూరం. వెళ్లేది పడమటికి కాబట్టి ఎదురుగాలి, వచ్చేది తూర్పుకు కాబట్టి వెనకగాలి. దీనికి తోడు దీవి గడియారం శాంటియాగో గడియారం కంటే రెండు గంటలు వెనక ఉంటుంది. ఉదయం తొమ్మిదిన్నరకు శాంటియాగోలో బయలుదేరి అయిదున్నర గంటలు ప్రయాణం చేస్తే దీవిలో గోడగడియారం మధ్యాహ్నం ఒంటిగంట చూపిస్తుంది. గడియారం ప్రకారం మూడున్నర గంటలే గడిచినట్టు. తిరుగు ప్రయాణంలో ఆ రెండు గంటలూ మళ్లీ కట్టాల్సిందే.

ఈ దారిలో పైలట్‌కు ఉండే చింత వేరు. దారి పొడవునా కింద నీళ్లే. మతావేరికి దగ్గరి విమానాశ్రయం ఫ్రెంచ్ పాలినీషియాలోని గాంబియే దీవుల్లో ఉంది. అది కూడా సుమారు 2,600 కిలోమీటర్ల దూరం. మామూలు దారుల్లో దిగాల్సిన ఊళ్లో వాన కురుస్తుంటే పక్క ఊళ్లో దిగొచ్చు. ఇక్కడ పక్క ఊరు లేదు. అందుకని ఇంధనం ఎంత వేసుకోవాలి, ఏ చోటు వరకు వెనక్కి తిరిగే వీలుంది, ఏ చోటు దాటాక ముందుకే వెళ్లాలి అన్నవన్నీ బయలుదేరే ముందే లెక్కగట్టి ఉంచుతారు.

రెండు ఇంజిన్ల విమానాలకు ఇంకో నిబంధన కూడా ఉంది. దారిలో ఎక్కడైనా ఒక ఇంజిన్ ఆగిపోతే మిగిలిన ఇంజిన్‌తో ఇంత సమయంలోగా ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలి. ఒకప్పుడు ఆ గడువు 60 నిమిషాలు. ఇంజిన్ల మీద నమ్మకం పెరిగేకొద్దీ గడువు పెంచుతూ వచ్చారు. 1985లో 120 నిమిషాలు, 1988లో 180 నిమిషాలు, తర్వాత ఇంకా ఎక్కువ. ఈస్టర్ దీవి దారిలో సరిగ్గా సగం చోట, ఏ వైపుకు వెళ్లినా దాదాపు 1,900 కిలోమీటర్లు మిగిలి ఉంటాయి. ఒక్క ఇంజిన్‌తో ఆ దూరం వెళ్లడానికి రెండున్నర గంటలు పడుతుంది. ఇవాళ రెండు ఇంజిన్ల విమానంలో ఆ దీవికి వెళ్లగలుగుతున్నామంటే, ఇంజిన్లు తయారుచేసినవాళ్లూ, వాటిని కనిపెట్టి చూసుకునే మెకానిక్కులూ దశాబ్దాల పాటు సంపాదించిన నమ్మకం వల్లే.

మతావేరి రన్‌వే పొడవు దాదాపు 3,300 మీటర్లు. అంత చిన్న దీవికి అంత పెద్ద రన్‌వే రావడానికి వెనక ఒక కథ ఉంది. 1980లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, కాలిఫోర్నియా నుంచి స్పేస్ షటిల్ పంపాలని అనుకున్నప్పుడు, ఏదైనా తేడా వస్తే దిగడానికి దారిలో ఒక చోటు కావాల్సి వచ్చింది. అందుకని ఈ రన్‌వేను పొడిగించారు. షటిల్ ఎన్నడూ అక్కడ దిగలేదు. కానీ ఆ పొడిగింపు వల్ల పెద్ద విమానాలు దిగే వీలు కలిగింది. దీవికి బియ్యం, కూరలు, మందులు, టూరిస్టులు రావడానికి ఆ రన్‌వే ఆధారమైంది.

ఈ రెండు దారులనూ ఇప్పుడు లెక్కలో కలుపుదాం. శాంటియాగో నుంచి ఈస్టర్ దీవి దూరం, వెస్ట్రే నుంచి పాపే దూరానికి దాదాపు 1,400 రెట్లు. చిన్న ప్రయాణం నిమిషంన్నర అనుకుంటే సమయం మాత్రం 220 రెట్లే. చిన్న దారిలో విమానం లేవడం, దిగడంతోనే సరిపోతుంది, తన పూర్తి వేగం అందుకునే వ్యవధే ఉండదు. ఆ నిమిషంన్నర లెక్కన సగటు గంటకు నూట పది కిలోమీటర్లే. పెద్ద దారిలో పడమటికి వెళ్లేటప్పుడు ఎదురుగాలి ఉన్నా సగటు గంటకు 680 కిలోమీటర్లు. దూరాన్ని వేగంతో భాగిస్తే సమయం వస్తుందని బడిలో నేర్చుకున్నాం. సూత్రం సరైనదే. ఆ వేగం ఎవరిది, ఏ గాలిలో, ఏ రన్‌వే మీద అన్నది చూసుకుంటేనే ఆ సూత్రం పనికొస్తుంది.

ఇప్పటి వరకు చెప్పినదంతా ఆకాశంలో గడిచే సమయం గురించి. మొదట్లో ఇంకో సమయం ఉందన్నాను. అది ఎదురుచూపు. తర్వాతి విమానం ఎప్పుడు అన్న ప్రశ్నకు జవాబే ఆ సమయం. అది ఎంత పెద్దదో ఈస్టర్ దీవే చూపించింది. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు దీవి తలుపులు మూసుకుంది. టూరిస్టు విమానాలు ఆగిపోయాయి. మళ్లీ తెరిచింది 2022 ఆగస్టులో. రెండేళ్లకు పైన. ఆ రెండేళ్లలో శాంటియాగోకీ మతావేరికీ మధ్య ఒక్క కిలోమీటరు కూడా పెరగలేదు. దీవి బయట చిక్కుకున్నవాళ్లు నెలల తరబడి ఇంటికి రాలేకపోయారు. టూరిస్టుల మీద బతికే కుటుంబాలు పలుగూ పారా పట్టి మళ్లీ దుంపలూ కూరగాయలూ పండించుకున్నాయి. సముద్రంలో చేపలు పట్టుకున్నాయి. రోగం తమ దీవిలోకి రాకుండా చూసుకోవాలని వాళ్లే కోరుకున్నారు కూడా. చిన్న ఆసుపత్రి, పెద్ద ఆసుపత్రికి అయిదు గంటల విమానం. ఆ భయం ఎంత న్యాయమైనదో మనకు అర్థమవుతుంది.

దీనికి ఎదురు కథ దక్షిణ అట్లాంటిక్‌లోని సెయింట్ హెలీనా దీవిది. నెపోలియన్‌ను బందీగా ఉంచిన దీవి. 1821లో అతను చనిపోయింది అక్కడే. ఆఫ్రికా తీరానికి సుమారు 1,900 కిలోమీటర్ల దూరం. జనాభా నాలుగున్నర వేలకు కాస్త తక్కువ. ఆ దీవికి 2017 దాకా ప్రయాణికుల విమాన సర్వీసే లేదు. కేప్‌టౌన్ నుంచి రాయల్ మెయిల్ నౌకలో అయిదారు రోజుల ప్రయాణం. కొండల దీవిలో ఒక లోయనే పూడ్చి రన్‌వే వేశారు. 2016లో ప్రారంభిద్దామనుకుంటే గాలి అడ్డొచ్చింది. కొండ అంచున ఉన్నట్టుండి దిక్కు మార్చే గాలి దిగే విమానాలను కుదిపేస్తోందని పరీక్షల్లో తేలింది. ఆ దీవి గాలి కొత్తదేమీ కాదు. 1836లో అక్కడ ఆగిన చార్లెస్ డార్విన్ సైతం తన నడకలకు ఆ గాలి ఎంత ఇబ్బంది పెట్టిందో రాసుకున్నాడు. చివరికి ఆ గాలికి తట్టుకునే చిన్న జెట్ విమానాన్ని ఎంచుకుని, 2017 అక్టోబరు 14న జోహానెస్‌బర్గ్ నుంచి సర్వీసు మొదలుపెట్టారు. దారిలో ఇంధనానికి ఆగి, ఆరు గంటల చిల్లరలో చేరేది. అయిదారు రోజులు ఆరు గంటలయ్యాయి. ప్రాణం మీదికొచ్చిన రోగిని కేప్‌టౌన్ ఆసుపత్రికి విమానంలో చేర్చే వీలు కలిగింది. కానీ ఆ మొదటి రోజుల్లో విమానం వారానికి ఒక్కసారే. శనివారం విమానం తప్పిందంటే మళ్లీ శనివారమే. ఆ మనిషికి జోహానెస్‌బర్గ్ ఆరు గంటల దూరంలో ఉన్నట్టా, వారం రోజుల దూరంలో ఉన్నట్టా?

మన దేశంలోనూ ఇలాంటి జంట ఉంది. బంగాళాఖాతంలో అండమాన్, అరేబియా సముద్రంలో లక్షద్వీప్. పోర్ట్ బ్లెయిర్‌లో వీర్ సావర్కర్ విమానాశ్రయం. ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. లక్షద్వీప్‌లో అగత్తి విమానాశ్రయం. సన్నని పగడపు దీవి కొనన, రెండు పక్కలా సముద్రం, దాదాపు 1,200 మీటర్ల రన్‌వే. పెద్ద జెట్లు దిగలేవు, ఫ్యాన్లున్న చిన్న విమానాలే దిగుతాయి. ఈ రెండు రన్‌వేల మధ్య దూరం అక్షాంశ రేఖాంశాలతో లెక్కగడితే సుమారు 2,240 కిలోమీటర్లు. జెట్ విమానానికి మూడు గంటల దారి. రెండు చోట్లా గడియారం ఒకటే, భారత కాలమానం. సూర్యుడు మాత్రం పోర్ట్ బ్లెయిర్‌లో పొడిచిన గంటా ఇరవై నిమిషాలకు గానీ అగత్తిలో పొడవడు.

మూడు గంటలని లెక్క చెప్తోంది సరే, ప్రయాణం చేసి చూడండి. ఆ రెంటి మధ్యా నేరుగా విమానం లేదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నైకి రెండుంపావు గంటలు, చెన్నై నుంచి కొచ్చికి గంటా పావు, కొచ్చి నుంచి అగత్తికి గంటన్నర. గాలిలో అయిదు గంటలే. కానీ ఒక విమానానికీ ఇంకో విమానానికీ పొంతన కుదరకపోతే మధ్యలో ఒక రాత్రి ఎక్కడో ఒకచోట పడుకోవాలి. వానాకాలంలో గాలీ మబ్బూ పట్టుకుంటే అసలు విమానమే కదలకపోవచ్చు. అప్పుడు నౌకే దిక్కు. మూడు గంటల దారి రెండు రోజులయ్యే చోట ఫోన్ చూపించే అంకెను నమ్ముకుని పెళ్లికో, పరీక్షకో, ఆసుపత్రికో బయలుదేరితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ సంగతి మన తెలుగువాళ్లకు కొత్త కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి వందమందిలో 13 మందికి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి చేపల వేటకూ కూలి పనులకూ వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఆకాశమార్గాన సుమారు 1,225 కిలోమీటర్లు. రెండు గంటల విమానం. అదే నౌకలో అయితే రెండున్నర రోజులు. అదీ రోజూ ఉండే నౌక కాదు. ఊళ్లో తండ్రి చనిపోయాడని ఫోన్ వచ్చిన కొడుకు ఆ రోజు ఎటు చూస్తాడు? నౌక ఎప్పుడని అడుగుతాడు. విమానం ఉందా, నేరుగా ఉందా, చెన్నై తిరిగి రావాలా అని అడుగుతాడు. టిక్కెట్టు ఎంతని అడుగుతాడు. కిలోమీటర్లు ఎన్నని అడగడు. చివరి చూపు దక్కాలంటే అతనికి ఆ మిగిలిన జవాబులే దిక్కు.

మారుమూల చోట్లకు విమానాలు నడపాలని మన దేశంలో ఉడాన్ పథకం తెచ్చారు. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద మొదటి విమానాలు ఎగిరినప్పుడు, షిమ్లా నుంచి ఢిల్లీ విమానంతో పాటు మన కడప నుంచి హైదరాబాద్ విమానానికి కూడా జెండా ఊపారు. గంట ప్రయాణానికి కొన్ని సీట్లలో రూ.2,500 మించకూడదని పరిమితి పెట్టారు. 2021లో కర్నూలు దగ్గర ఓర్వకల్లులో విమానాశ్రయం తెరిచారు. ఇవి మంచి పనులు. అయితే ఈ పథకం కింద మొదలైన దారుల్లో చాలా దారులు ఆ తర్వాత ఆగిపోయాయి కూడా. రన్‌వే ఉంది, టెర్మినల్ ఉంది, విమానం మాత్రం రాదు. అలాంటప్పుడు ఆ ఊరి మనిషికి దూరం తగ్గినట్టు ఎలా అవుతుంది?

అందుకని నా విన్నపం ఒకటే. మీ జిల్లాలో కొత్త విమానాశ్రయం వస్తోందని చెప్పినప్పుడు రన్‌వే ఎన్ని మీటర్లని అడగండి, తప్పులేదు. దాంతో ఆగకండి. వారానికి ఎన్ని విమానాలు, ఎన్నేళ్లపాటు నడుపుతామని మాటిస్తున్నారు, ప్రయాణికులు తగ్గితే నష్టం ఎవరు భరిస్తారు, పొద్దున వెళ్లి పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరగలమా అని కూడా అడగండి. పాపే దీవిలో తొంభై మంది కోసం ఒక సమాజం ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగింది, దశాబ్దాల పాటు ఆ జవాబును నిలబెట్టుకుంది. నూటనలభై కోట్ల మంది ఉన్న దేశం తన దీవుల్లోని మనిషికీ, తన కొండల్లోని మనిషికీ అలాంటి జవాబు చెప్పలేని స్థితిలో లేదు. చెప్పాల్సిన బాధ్యత ఉంది. ఆ జవాబు టైంటేబుల్‌లో అచ్చై, ఏడాది పొడవునా నిలబడితే, ఆ రోజు నుంచే మారుమూల ఊరికి దూరం తగ్గడం మొదలవుతుంది.